రెండు కొలతల జాకెట్టు

దానేసు టేపు మెళ్లో ఏసుకుని
రెండోసారి కొలిసినాడు.
కుడి జబ్బ పదకొండు.
ఎడం జబ్బ పదమూడున్నర.
"ఒకే జాకెట్టుకి ఇదేటప్పా?"
రాసుకోరా నాయినా, అన్నాను.
పుస్తకంలో నిలువుగీత గీసి
అటొకటి ఇటొకటి రాసుకున్నాడు,
ఇద్దరు మనుసులకి కుడుతున్నట్టు.

ఇద్దరమేనేమో మరి.
ఎడంపక్క మనిసితో
నాకింకా సరిగ్గా మాటల్లేవు.

రొమ్ము తీసీసిన రెండేళ్లకి
జీడిపిక్కల కాడ కూకుంటే
పొద్దు వాలేసరికి సెయ్యి
తడిసిన గోనెలాగ బరువెక్కీసినాది.
గాజులు దిగలేదు.
సబ్బు రాసినారు, కొబ్బరినూనె రాసినారు.
పగలగొట్టడానికి మాత్రం ఎవురూ ముందుకు రాలేదు,
మొగుడున్నదానివి, మాకెందుకే అని.
ఆఖరికి నానే గడపకేసి కొట్టుకున్నాను.
ఆకుపచ్చవి, మూడు.
మా ఆయన పక్కనే ఉన్నాడు.
కాలుతున్న బీడీ ఆర్పీసి
పెంకులు ఏరినాడు.

పాతికేళ్లు జీడినూనెలో కాలిన ఏళ్లకి
ఇప్పుడు సిన్న గాటు కూడా తగలకూడదంట.
షావుకారు నన్ను గ్రేడింగులో కూకోబెట్టినాడు.
గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, నూక ఇంకో పక్క.
నానూ బద్దనే కదేటి, అన్నానొకరోజు.
తవిటమ్మ ఒక బద్ద నా నోట్లో కుక్కి
"సప్పగుందా?" అన్నాది.

ఆదివారం పొద్దున్న కాశీబుగ్గలో మేడ మీద హాలు.
టెక్కలి నుంచి మొదటి బస్సుకి
హారతి అనే పిల్ల వస్తాది.
తొమ్మిది మందిమి, తొమ్మిది బొంతలు.
"శ్వాస తీసుకోండి, నెమ్మదిగా వదలండి."
తీసుకున్నాము.
వదలడమే ఎవురికీ సేతకాలేదు.
"ఒగ్గీమంటందర్రా, ఒగ్గీయండి!"
తవిటమ్మ అరిసినాక
హాలంతా ఒక్క పెట్టున ఊపిరి, దాని ఎనకే నవ్వు.

నానేటి ఒగ్గినాను గనక ఇన్నాళ్లూ?
సీటీడబ్బుల్లో రూపాయి ఒగ్గలేదు.
కూలి కాడ అర్ధరూపాయి తేడా ఒగ్గలేదు.
విశాఖపట్నం ఆస్పత్రిలో
కాయితం మీద ఏలిముద్ర ఏసినప్పుడు
పళ్ల మజ్జిన బిగబట్టిన ఊపిరి,
అదీ లోపలే ఉండిపోనాదనుకుంటాను.

సేతులు పైకెత్తమంటాది.
కుడిది పలాస స్టేషను సిగ్నల్లాగ
టక్కుమని లేస్తాది.
ఎడమది సెవి దాకా వచ్చి ఆగిపోద్ది.
"లేచినంత వరకే అమ్మా. నొప్పొస్తే ఆగిపోండి."
పుట్టి బుద్దెరిగినాక
నన్ను ఆగిపోమన్న మొదటి మనిసి
ఆ పిల్లే.

గుప్పిట మూసి, తెరిసి, మూసి, తెరిసి.
ఎల్లకిలా పడుకుని, సెయ్యి దిండు మీద పెట్టి
కాళ్లు గోడకి ఆనిస్తాము.
సీరలు మోకాళ్ల కాడ దోపుకుని
ఆడోళ్లందరం తలకిందులుగా సిగ్గుపడతాము.
సున్నం గోడ మీద మడమల మరకలు,
ఒడియా సుభాసినివి అందరికన్నా పైకుంటాయి.
రైలెల్తే గోడ వణుకుద్ది,
మా కాళ్లూ వణుకుతాయి,
ఎవురమూ దించము.

తగ్గిపోద్దా, అని అడిగినాను.
అబద్దం ఆడొచ్చు కదా ఆ పిల్ల.
ఆడలేదు.
"పోతుందని చెప్పలేనమ్మా. తేలికవుతుంది."
టేపు తీసి కొలిసింది:
పదమూడుం పావు.
పావంగుళం నాదో, టేపుదో తెలీదు.
రాత్రి దిండు మీద ఆ సెయ్యిని పెట్టి
ఏటే, అన్నాను.
అంతే.
మొదటి మాటకి అది సాలు.

నిన్న దానేసు జాకెట్టు ఇచ్చినాడు.
ఉతికి తీగ మీద ఏసినాను.
ఉద్దానం గాలి సముద్రం మీంచి వచ్చి దూరితే
ఎడం సెయ్యే ముందు నిండినాది,
పైకి లేసినాది,
కొంచెంసేపుండి
ఒగ్గీసినాది.